నా గొంతుతో అడిగినా నమ్మొద్దు

"ఈ ఫోన్లు ఉండాయే, ఇవి ఏదో ఒకనాడు మన కొంప ముంచుతాయి, చూస్తా ఉండు," అంది కనకవల్లి.

అప్పటికి ఏమీ జరగలేదు. కూతురు జనని ఒక చేత్తో ఇడ్లీ తుంచుకుంటూ, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటోంది. భర్త జయరామ్ షిఫ్టు దిగి మనలి నుంచి ఇంకా ఇంటికి రాలేదు. బస్సు కాస్త ఆలస్యమైనట్టుంది, అంతే.

"ఎవరి కొంపమ్మా?"

"అందరిదీ."

జనని నవ్వి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. అమ్మ భయాలకు ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు. కుక్కరు రెండో కూత వేసి మూడోది వెయ్యకపోతే మూత ఎగిరిపోతుందంటుంది. పొద్దున్నే ఫోన్ మోగితే ఎవరో పోయారంటుంది. పెళ్లయిన నాటి నుంచి మొగుడు మనలిలో ఒక కెమికల్ కంపెనీలో పని చేస్తున్నాడు. అక్కడ ఉత్తుత్తి డ్రిల్లు కోసం సైరను మోగించినా సరే, మాధవరంలో కనకవల్లి గడప మీదికి వచ్చి నిలబడేది. అలా నిలబడీ నిలబడీ ఆమెకు భయం ఒక అలవాటయిపోయింది. కొందరికి వక్కపొడి ఎలాగో ఆమెకు భయం అలాగ.

చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఆ భయానికి పనికొచ్చే చోటు ఒకటి దొరికింది. మాధవరం పాల కాలనీలో ఊతం అని ఒక చిన్న ట్రస్టు ఉంది. కాళ్లు నిలవని పిల్లలకు అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు. మనలి వైపు నుంచీ చుట్టుపక్కల నుంచీ పిల్లల్ని తీసుకురావడానికి ఒక వ్యాను ఉంది. పిల్లల్ని దించడం, చాప మీద కూర్చోబెట్టడం, పడకుండా చూడటం కనకవల్లి పని. పడతారేమోనని ఎప్పుడూ అనుకునే మనిషి కాబట్టి ఆమె చేతుల్లో ఏ బిడ్డా ఇంతవరకు పడలేదు.

ట్రస్టు నడిపేది గోవిందస్వామి. ఆయనకు పిల్లల ఎముకలన్నీ తెలుసు గాని ఫోన్లో అక్షరాలు కనబడవు. అందుకని దాతల వాట్సాప్ గ్రూపు కూడా కనకవల్లి చేతికే వచ్చింది. ఆమె టైపు చెయ్యదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడుతుంది.

"అందరికీ వణక్కం. నేను కనకవల్లిని. ఈ పొద్దు ఎండ మండిపోతా ఉండాది, ఎవురూ గొడుగు లేకుండా పోవద్దండి. మన అమ్ములు ఉంది గదా, మనలి పాప, ఈ పొద్దు గోడ పట్టుకోకుండా నిలబడింది. నేను పడిపోతుందని కళ్లు మూసుకున్నా. తెరిచి చూస్తే ఇంకా నిలబడే ఉండాది! సరి, అందరూ వేళకి తినండి."

వినేవాళ్లు నవ్వుకునేవాళ్లు గాని వినడం మానేవాళ్లు కాదు. రెండు రోజులు ఆమె గొంతు వినబడకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి, "ఏమ్మా, అంతా బాగే గదా?" అని అడిగేవాళ్లు. అడిగిన వాళ్లకు అరగంట పట్టేది, ఆమె మళ్లీ వాళ్ల కుశలం అడిగి వదిలేసరికి.

ఇంతలో ఎదురింటి తంగమ్మ మోసపోయింది. కరెంటు బిల్లు కట్టలేదని మెసేజ్ వస్తే లింకు నొక్కింది. కూతురి కాన్పుకని దాచుకున్నదంతా పోయింది. తంగమ్మ ఏడుస్తూ గుమ్మంలో కూలబడిన రోజు నుంచి కనకవల్లి గ్రూపులో ఎండ గురించి చెప్పడం తగ్గించి, దొంగల గురించి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఒక హెచ్చరిక, సాయంత్రం ఒక హెచ్చరిక. జనని ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

జనని ఊతంలో చేరి కొన్ని నెలలే అయింది. వ్యానుకు ఖర్చిచ్చే కంపెనీ ఈ ఏడు ఇవ్వలేమని చేతులెత్తేసింది. ఒక్కరి మీద ఆధారపడితే ఇంతే, చాలామంది కొద్దికొద్దిగా నెలనెలా ఇచ్చేలా చెయ్యాలని గోవిందస్వామి అనుకున్నాడు. ఆ పని జననికి అప్పజెప్పాడు. ఈ నెలాఖరులోగా అది కుదిరితే వ్యాను తిరుగుతుంది, కుదరకపోతే ఆగుతుంది. జనని వెబ్‌సైటు చేయించింది, పిల్లల ఫోటోలు పెట్టించింది. ఇంట్లో అమ్మకు కూడా చెప్పింది.

"ఒక్కసారి నొక్కితే చాలమ్మా. అప్పరం ప్రతి నెలా డబ్బు దానంతటదే పోతుంది."

డబ్బు దానంతటదే పోవడం కంటే భయమైన మాట కనకవల్లి పుట్టి బుద్ధెరిగి వినలేదు. చెవులు మూసుకున్నంత పని చేసింది. అందుకే మిగతాది వినలేదు.

సోమవారం పొద్దున వ్యాను దగ్గర అమ్ములును చంకనేసుకుని నిలబడి ఉండగా ఆమె ఫోన్ కుయ్యిమంది. తెలియని నంబరు. పక్కన ఊతం వాళ్ల గుర్తు, రెండు చేతుల బొమ్మ. కింద ఇలా ఉంది: "ప్రియమైన దాతా, మీ అమూల్యమైన తోడ్పాటుతో మనమందరం కలిసి మార్పును సృష్టిద్దాం. దయచేసి క్రింది లింకుపై నొక్కండి."

కనకవల్లి అది రెండుసార్లు చదివింది. ఊతంలో ఇలా మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? గోవిందస్వామి కలెక్టరునైనా 'ఏమయ్యా' అనే పిలుస్తాడు. ఎవడో దొంగ వెధవ బొమ్మ ఎత్తుకుపోయి పెట్టుకున్నాడు! అమ్ములును లోపల చాప మీద దించి, అక్కడికక్కడే మైకు నొక్కింది.

"అందరూ బాగా వినండి. మన ఊతం బొమ్మ పెట్టుకుని ఎవుడో దొంగ లింకు పంపిస్తా ఉండాడు. నొక్కొద్దండి, నొక్కితే బ్యాంకులో ఉండేదంతా తుడిచిపెట్టుకు పోతుంది. తెలీని నంబరు నుంచి ఫోనొస్తే నోరు తెరవొద్దండి, గమ్మున ఉండండి, మీ గొంతు పట్టేసుకుంటారు. ఇప్పుడు మిషన్లో గొంతులు గూడా చేసేస్తా ఉండారంట. రేపు నా గొంతుతోనే ఎవురైనా అడిగినా నమ్మొద్దండి. నేను చెప్పినా నమ్మొద్దు!" ఒక్క క్షణం ఆగి, "మజ్జిగ తాగండి, ఎండగా ఉంది," అని ముగించింది.

గ్రూపులో దండాలు వరసకట్టాయి. అంబత్తూరు నాగప్పన్ ఆ మెసేజ్‌ను అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో తన తోటి వర్క్‌షాపు యజమానులందరికీ పంపానని కూడా చెప్పాడు. ఊరిని కాపాడిన తృప్తితో కనకవల్లి ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నది.

వారం గడిచింది. జనని మొహం రోజురోజుకూ చిన్నబోయింది. శనివారం మధ్యాహ్నం ఆఫీసు గదిలో గోవిందస్వామి ముందు కూర్చుని కంప్యూటరు చూపిస్తోంది. కనకవల్లి టీ గ్లాసులు పెట్టడానికి లోపలికి వచ్చింది.

"మెసేజ్ అందరూ చూసినారు అంకుల్. ఒక్కరు గూడా నొక్కలేదు. హైందవి అని ఒకామె తప్ప. ఆమె వరంగల్ నుంచి కొత్తగా వచ్చింది, మన గ్రూపులో లేదు."

"మన వాళ్లు ఇట్టాంటి వాళ్లు కాదే," అన్నాడు గోవిందస్వామి. "డ్రైవరు సాయిరామ్‌కి ఏం చెప్పేది? వ్యాను ఆగితే వాడు వేరే పని చూసుకోవాల."

కనకవల్లికి కూతుర్ని చూసి జాలేసింది. "నువ్వేం చేస్తావమ్మా. ఆ దొంగ లింకు దెబ్బకి అందరూ బెదిరిపోయి ఉంటారు. నేను ఆ పొద్దే చెప్పకపోయి ఉంటే ఇంకా ఘోరం జరిగేది."

"ఏ దొంగ లింకు?"

కనకవల్లి ఫోన్ తీసి చూపించింది. జనని చూసింది. తర్వాత అమ్మ మాట్లాడిన మెసేజ్ మొదటి నుంచి చివరిదాకా, మజ్జిగతో సహా, విన్నది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని కనకవల్లి తర్వాత చాలాసార్లు అనుకుంది.

"అమ్మా, ఆ నంబరు నాది. ఈ పని కోసమే కొత్తగా తీసుకున్నా."

గోవిందస్వామి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నీ మాట ఇంత మంది వింటారని నాకిప్పుడే తెలిసింది కనకవల్లీ," అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పో ఆమెకు అర్థం కాలేదు.

"మరి నువ్వట్టాంటి మాటలు రాస్తే నేనేం అనుకోవాల?" అంది కూతురితో. "ప్రియమైన దాతా ఏంది? అమూల్యం ఏంది? అట్ట మన ఇళ్లల్లో ఎవురు మాట్లాడతారే?"

"కంప్యూటర్ రాసిందమ్మా అది. నేను చదివి చూసుకోలేదు," అని జనని తల దించుకుంది. "సరి, విడు. ఇప్పుడు నువ్వే చెప్పు వాళ్లకి. నిజం లింకే అని."

కనకవల్లి వెంటనే మైకు నొక్కింది. "అందరికీ వణక్కం. నేను కనకవల్లిని. నిజం కనకవల్లిని. అది దొంగ లింకు కాదండి, మనదే. పొరపాటైపోయింది. అందరూ నొక్కండి."

మొదట జవాబిచ్చింది హేమమాలిని టీచరు. రిటైరయినా ఆమె మాటలో ఇంకా బెత్తం ఉంటుంది. "వచ్చేశాడు దొంగ! కనకవల్లి ముందే చెప్పింది, ఇదిగో చూడండి."

"గొంతు అచ్చం అక్కదే! ఎంత నేర్పరులో!" అన్నారు ఇంకొకరు.

నాగప్పన్ ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఇక ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యడం తప్ప దారి లేదు. ఆఫీసు ఫోన్ నుంచి చేస్తే అందరూ ఎత్తారు, ఎత్తి గమ్మున ఉన్నారు. ఆమె నేర్పిన పాఠం అది. కనకవల్లి మాట్లాడుతూనే ఉండేది, అవతల కుక్కరు కూతలు, టీవీ సీరియళ్లు వినిపించేవి, మనిషి మాత్రం పలికేవాడు కాదు. హేమమాలిని టీచరు వీడియో కాల్లోకి రమ్మంది.

"ముక్కు పట్టుకో," అంది టీచరు, తెర మీద కళ్లు చిట్లించి. "మిషన్ మొహమైతే చెయ్యి అడ్డం పెడితే చెదిరిపోతుందంట."

కనకవల్లి ముక్కు పట్టుకుంది. చాపల మీద పిల్లలంతా అది చూసి ఆటనుకుని తామూ ముక్కులు పట్టుకున్నారు.

"చెవి."

చెవి పట్టుకుంది.

"ఇంకో చెవి గూడా. ఊఁ, నువ్వే. ఇంత గొడవ చేసినందుకు ఇంకాసేపు అట్టే పట్టుకోనుండు," అని నవ్వి, ఆమె ఎదుటే లింకు నొక్కింది.

అలా ఒకరొకరే కదిలారు. ఒకాయన గుడి దగ్గర కలుద్దామని రప్పించుకుని, ఎదురుగా చూశాక గాని నమ్మలేదు. హైందవి అయితే ఎవరూ పిలవకుండానే ఒకరోజు ఊతం చూడటానికి వచ్చింది. అంబత్తూరులో ఐటీ ఉద్యోగం చేసే పిల్ల. "మీరు పంపే ఫోటోలు మస్తు నచ్చినయ్ జనని. పైసలు ఎప్పుడు కట్ అయినయో కూడా నాకు తెల్వలే," అంది. కనకవల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "తెలీకుండానా! బ్యాంకు పుస్తకం చూసుకుంటా ఉండమ్మా తల్లీ!" ఆ పిల్ల నవ్వింది. ఆమెకు అలా తెలియకుండా ఇవ్వడమే హాయిగా ఉంది. లోకంలో అలాంటి వాళ్లు కూడా ఉన్నారని కనకవల్లి ఒప్పుకోక తప్పలేదు.

ఇంతమంది వచ్చినా వ్యానుకు చాలదు. నాగప్పన్ రావాలి. ఆయనకు అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ మెషిన్ల వర్క్‌షాపు ఉంది. చక్రాల కుర్చీ ఎక్కించడానికి వ్యాను వెనక ఉన్న ఇనప పలక ఆయన దగ్గర చేసిందే. అప్పటి నుంచి ప్రతి ఆయుధ పూజకూ వ్యానును వర్క్‌షాపుకే తోలుకుపోతారు. మెషిన్ల మధ్యన నిలబెట్టి, వాటితో పాటు దానికీ గంధం కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, పిల్లలకు బొరుగులు, బెల్లం పంచుతాడు. ఇది కూడా నా మెషినే అంటాడు. ఎస్టేట్‌లో మిగిలిన యజమానులు ఆయన వైపు చూస్తారు. ఆయన కదలనిదే వాళ్లు కదలరు. పైగా దొంగ లింకు అని వాళ్లందరికీ చాటింది ఆయనే.

కనకవల్లి నంబరును ఆయన బ్లాక్ చేశాడు. ఆఫీసు నంబరును కూడా చేశాడు. వర్క్‌షాపుకు వెళ్తే సూపర్‌వైజరు శ్యామ్ కాఫీ ఇచ్చాడు గాని, పని జరగలేదు. "సార్ కోయంబత్తూరులో ఉండారు, వాళ్లక్క ఇంట్లో. నెల దాటినాకే వస్తారు. మోసగాళ్లు తిరగతా ఉండారు, ఊతం పేరెత్తి ఎవురొచ్చినా నాకు చెప్పనే వద్దు అన్నారు. నేనెత్తితే నన్ను తిడతారమ్మా."

తిరుగు బస్సులో కనకవల్లి ఆయనకు జరగగలిగినవన్నీ తలచుకుంది. గుండెపోటు వచ్చి ఉండవచ్చు. కోపంతో బీపీ పెరిగి ఉండవచ్చు. వీటన్నిటి కంటే పెద్ద భయం ఒకటి ఉంది, దాన్ని ఆమె నోటితో అనలేకపోయింది. ఆయన బాగానే ఉండి, ఇక ఎప్పటికీ మాట్లాడకపోవచ్చు.

మర్నాడు పిల్లల్ని దించుతుంటే అమ్ములు తల్లి అడిగింది. ఆమె మనలిలో పాచిపని చేస్తుంది. ఎదిగిన పిల్లను ఎత్తుకుని రెండు బస్సులు మారడం ఆమె వల్ల కాదు, అందుకే వ్యాను లేని రోజుల్లో ఆ బిడ్డ ఇంట్లో పడుకునే ఉండేది.

"వచ్చే నెల బండి వస్తుంది గదా అక్కా?"

ఏది అడిగినా అతి చెడ్డదే ముందు చెప్పే కనకవల్లి నోరు ఆ వేళ పెగలలేదు. "ఎండలో నిలబడొద్దు, లోపలికి రా," అంది.

లోపలికి వచ్చి కూతుర్ని అడిగింది. "నీ సొంత ఫోను ఇయ్యి."

"దాన్ని గూడా బ్లాక్ చేస్తారమ్మా."

"చెయ్యనీ."

హాల్లో ఒక మూల కూర్చుంది. చాప మీద అమ్ములు బంతిని కాలితో తోస్తోంది. ఫోన్ మోగి మోగి, ఆగబోతుండగా అవతల ఎత్తారు. మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"అన్నా, నేను కనకవల్లినన్నా. పెట్టేయొద్దన్నా."

ఫ్యాను చప్పుడు.

"తప్పంతా నాదేనన్నా. ఆ లింకు మా జననిదే. కొత్త నంబరు చూసి నేనే భయపడిపోయినా. వ్యాను ఆగిపోయేట్టు ఉండాదన్నా. మీరే గదా దానికి వెనక పలక చేసిచ్చిండేది, పూజకి మీ మెషిన్ల మధ్యన పెట్టి బొరుగులు పంచేది..."

చెబుతూండగానే ఆమెకు తట్టింది, ఇవన్నీ ఊతం ఫోటోల్లో ఉన్నవే. ఏ దొంగైనా చూసి చెప్పగలడు. ఇంకేం చెప్పి నమ్మించాలో తోచలేదు. అవతల నుంచీ ఏమీ లేదు. ఆ ఖాళీలో, ఫోన్‌ను దూరం పట్టుకుని అణుచుకున్నట్టుగా, చిన్న దగ్గు వినబడింది.

కనకవల్లి నిటారుగా కూర్చుంది.

"ఏందన్నా ఆ దగ్గు?"

మళ్లీ ఫ్యాను చప్పుడే.

"పొడి దగ్గా, కఫమా? కఫంలాగుండాదే. ఎన్నాళ్లుగా ఉండాది? డాక్టరు దగ్గరికి పోయినారా? పోయి ఉండరు, నాకు తెలుసు. కోయంబత్తూరులో గాలి చల్లగుంటాది, సాయంత్రం అరుగు మీద కూర్చోవద్దండి. తలకి మఫ్లరు కట్టుకుంటా ఉండారా లేదా? మిరియాల కషాయం పెట్టమని అక్కయ్యకి చెప్పండి. ఛాతీలో నొప్పేమన్నా ఉండాదా? రాత్రి ఎక్కువైతాదా? మా పక్కింటాయన గూడా ఇట్టనే, ఏమీ లేదు ఏమీ లేదు అని దగ్గతా దగ్గతా... వద్దులే, అది చెప్పను."

జనని ఎదురుగా నిలబడి, లింకు సంగతి చెప్పమని చేత్తో సైగ చేసింది. కనకవల్లి ఆ చేతిని పక్కకు తోసేసింది. ఆమెకు అప్పుడు లింకు గుర్తు లేదు. వ్యాను కూడా గుర్తు లేదు. ఆ దగ్గు ఒక్కటే చెవిలో ఉంది.

"పలకండన్నా, మీకు పుణ్యముంటాది. కట్టుకుంటా ఉండారా లేదా?"

అవతల ఫ్యాను చప్పుడు ఆగింది. ఎవరో లేచి స్విచ్చు ఆపినట్టున్నారు. కుర్చీ కిర్రుమంది. చాలాసేపు ఇంకేమీ వినిపించలేదు. జనని ఫోన్ తెర మీద కాల్ ఉందో పోయిందో వంగి చూసింది. ఉంది.

"కట్టుకోలేదమ్మా," అన్నాడు నాగప్పన్, బొంగురు గొంతుతో. "ఆ పక్కింటాయనకి ఏమైందో అది చెప్పు ముందు. అప్పరం ఆ లింకేదో పంపించు. వేరే నంబరు నుంచి వద్దు, బ్లాక్ తీసేస్తా, నీ దాన్నించే పంపించు."